కంప్యూటరునకు చదువు చెప్పిన పంతులమ్మ: గ్రేసు హాపరు

ఈ దినములలో కంప్యూటరు నభ్యసించు బాలబాలికలు కొందఱు, యంత్రముతో వచ్చిన దానితో తృప్తినొందక, లైనక్సు కెర్నెలును తామే కంపైలు చేసి నడపి చూచుట కుత్సహించుచున్నారు. కెర్నెలనగా యంత్రము లేచిన వెంటనే పగ్గములు చేపట్టి తక్కిన ప్రోగ్రాములనన్నిటిని నడిపించు మూలభాగము. మనుష్యులు చదువదగిన భాషలో వ్రాయబడిన లక్షలకొలది పంక్తులు యంత్రముచేతనే యంత్రభాషలోనికి మాఱును. పిమ్మట యంత్రము నార్పి మరల వెలిగించినచో, ఒక్కొక్కప్పుడు తెర నల్లగా నిలిచిపోవును. డిస్కును చదువుటకు వలసిన డ్రైవరును చేర్చ మఱచిన కెర్నెలు, నిద్రలేచి తన యిల్లు తానే కానక నిలుచును. అందుచేతనే తెలిసినవారు పాత కెర్నెలును కూడ ప్రక్కన భద్రపఱచుకొందురు. ఈ కంపైలు చేయుటయను పనిని యంత్రమునకు మొదట నేర్పినవారిలో ముఖ్యురాలగు గ్రేసు హాపరు దొరసాని చరిత్రమును మేమిక్కడ సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈమె 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీని న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున అలారము గడియారమెట్లు మ్రోగునో తెలిసికొనగోరి ఒకదానిని విప్పెను. మరల కూర్చుట తెలియక, చూచి నేర్చుకొందమని రెండవదానిని విప్పెను. ఇట్లు ఇంటనున్న ఏడు గడియారములును ముక్కలైనవి. తల్లి సంగతి గ్రహించి, ఇకమీదట ఒక్క గడియారమునే విప్పవలెనని కట్టడి చేసెను. విప్పనే కూడదని చెప్పకుండుట ఆ తల్లి వివేకమని మేము తలంచుచున్నాము.

వాసరు కళాశాలలో 1928లో పట్టభద్రురాలై, యేలు విశ్వవిద్యాలయమున 1934లో గణితమందు డాక్టరు పట్టమును బడసి, వాసరులోనే ఉపాధ్యాయినిగా నుండెను. 1930లో విన్సెంటు హాపరును వివాహమాడెను. ఆ వివాహము 1945లో రద్దయ్యెనుగాని ఆ పేరు కడవరకు నిలిచెను. రెండవ ప్రపంచ సంగ్రామమున నౌకాదళములో చేరబోగా, వయస్సు మించినదనియు, బరువు 15 పౌనులు తక్కువయనియు అధికారులు త్రోసిపుచ్చిరి. ఆమె పట్టు విడువక, ప్రత్యేకానుమతి సంపాదించి 1943 డిసెంబరులో చేరెను.

1944 జూలైలో ఆమెను హార్వర్డునందలి మార్కు 1 అను గణనయంత్రము కడకు పంపిరి. అది 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, సుమారు 5 టన్నుల బరువు గలది; సెకనునకు మూడు కూడికలు చేయును. దానికీయవలసిన ఆజ్ఞలను కాగితపు పట్టీలపై రంధ్రములుగా పొడువవలెను. అధిపతియగు హోవర్డు ఐకెను, ఆమె వచ్చిన దినముననే యంత్రమును చూపి, ఒక కఠినమైన గణితకార్యము నప్పగించి, కొలది దినములలోనే ఫలితము కావలెననెను. అట్టి యంత్రము నామె అంతకుముందు చూచి యెఱుగదు. ముప్పదియేడేండ్ల ఆ డాక్టరు పట్టము గల ఉపాధ్యాయిని, తనకంటె చిన్నవారైన సహోద్యోగుల నడిగి అక్షరాభ్యాసము చేసినట్లు నేర్చుకొనెను. పిమ్మట ఆ యంత్రమును గూర్చి 500 పుటలకు మించిన గ్రంథమును సిద్ధము చేసెను. అది 1946లో ప్రకటితమయ్యెను.

1947లో మార్కు 2 యంత్రమున చిక్కుకొనిన చిమ్మటను పనివారు తీసి, దినచర్య పుస్తకమున అంటించిరి. ప్రోగ్రాములలోని దోషమునకు బగ్గు, అనగా పురుగు, అను పేరు హాపరే పెట్టెనని పలువురందురుగాని అది నిజము కాదు. ఆ మాట ఇంజనీర్ల వాడుకలో పూర్వమునుండి కలదు. ఆమె ఆ కథను సరసముగా చెప్పుచుండెను, అంతియే.

1949లో ఆమె ఫిలడెల్ఫియాలో యూనివాకు యంత్రమును నిర్మించుచున్న సంస్థలో చేరెను. అక్కడ ఆమెకు అసలు చిక్కు కానవచ్చెను. వర్గమూలము మొదలగు వానిని కట్టుటకు వలసిన చిన్న ఆజ్ఞామాలికలను గణితజ్ఞులు నోటుపుస్తకములలో వ్రాసియుంచుకొని, కావలసినప్పుడు ఎత్తివ్రాసికొనుచుండిరి. యంత్రపు జ్ఞాపకమున ప్రతి ఆజ్ఞకును ఇంటి నెంబరువంటి సంఖ్య యుండును. సున్నతో మొదలగు మాలికను 300వ స్థానమున నుంచినచో, అందలి ప్రతి నెంబరునకును 300 కూడవలెను. ఎత్తివ్రాయుటలో తప్పులు, కూడుటలో తప్పులు. ఒక్క అంకె చెడినను పని యంతయు చెడును. ఎత్తివ్రాయుటయు కూడుటయు యంత్రమే చేయగలిగినప్పుడు మనుష్యుడేల చేయవలెనని ఆమె యోచించెను.

ఆమె మాలికలను టేపుపై నుంచి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పిలుపు సంఖ్య నిచ్చెను. ఆ సంఖ్యల పట్టిక నిచ్చినచో, యంత్రమే మాలికలను వెదకి తెచ్చి, నెంబర్లను సవరించి, ఒక్క ప్రోగ్రాముగా కూర్చును. ఇట్లు కూర్చునది గనుక దానికి కంపైలరని పేరు. 1952లో నడచిన ఈ ఏ-0 నేటి కంపైలరులంత పని చేయలేదుగాని, కెర్నెలు కంపైలగునప్పుడు లింకింగు అను దశలో నేడును ఈ నెంబర్ల సవరణమే జరుగుచున్నది.

ఇందొక ముడి కలదు. యూనివాకు జ్ఞాపకమున వేయి పదములకే తావు గలదు. పట్టికను ఒక్కమారే చదువుచు పోవలెను. ఇంకను కూర్చబడని భాగమునకు దుముకుమని ఆజ్ఞ వ్రాయవలసివచ్చినచో, దాని నెంబరెట్లు తెలియును? హాపరు చదువుకొను దినములలో బాస్కెటుబాలు ఆడినది. ముందుకు పరుగెత్తి అందుకొనబోవు తోడి ఆటకత్తెకు బంతి నందించు తీరు ఆమెకు స్ఫురించెను. జ్ఞాపకపు చివర ఒక మూలను ప్రత్యేకించి, ముందుకు పోవలసిన దుముకు నచ్చటికి పంపెను. పిదప ఆ భాగము తన చోటునకు వచ్చినప్పుడు, ఆ మూలలో తన నెంబరు వ్రాయబడును. చదరంగపు ఎత్తువంటి ఈ యుపాయము మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది.

యంత్రములు లెక్కలే చేయును, ప్రోగ్రాములు వ్రాయజాలవని పెద్దలు చాలకాలము నమ్మిరి. ఆంగ్లపదములతో ఆజ్ఞలిచ్చు పద్ధతిని చూపి, అదే ప్రోగ్రామును ఫ్రెంచి, జర్మను మాటలతోను నడపి చూపగా, అమెరికా యంత్రమునకు పరభాషలెట్లు వచ్చునని యజమానులు కలవరపడిరట! యంత్రమున కన్నియు గుర్తులే. ఆ పద్ధతి ఫ్లోమాటికు అను పేర వెలసి, 1959లో రూపొందనారంభించిన కోబాలు భాషకు పునాదియయ్యెను.

1966లో నౌకాదళమునుండి విశ్రాంతి పొందగా, మఱుసటి యేడు ఆఱు నెలలకని మరల పిలిచిరి. ఆ ఆఱు నెలలు పందొమ్మిదేండ్లయినవి. సుమారు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలను సభలలో పంచిపెట్టి, సెకనులో నూఱుకోట్లవ వంతు కాలమున కాంతి పోగల దూరమింతేయని చూపుచుండెడిది. 1986 ఆగస్టులో, 79వ యేట, రియరు అడ్మిరలు హోదాతో బోస్టనునందు కాన్‌స్టిట్యూషను అను పురాతన నౌకపై పదవీవిరమణ చేసెను. 1992 జనవరి 1వ తేదీని పరమపదించగా ఆర్లింగ్టను శ్మశానవాటికలో సమాధి చేసిరి. ఒకనాడు బరువు చాలదని త్రోసిపుచ్చిన ఆ నౌకాదళమే 1997లో ఒక యుద్ధనౌకకు హాపరు అని పేరిడి సేవలో చేర్చుకొనెను.