బిషప్పు జాన్ రిచర్డ్‌సన్ – అనుదిన పఠనమునకు వేసిన బాట

క్రైస్తవునకు అనుదిన బైబిలు పఠనము ఆత్మకు ఆహారమని పెద్దలు చెప్పుదురు. అయితే ఆ ఆహారము మాతృభాషలో లభించిననాడే ఒంటబట్టును. పూర్వము పోర్టుబ్లేయరనబడిన శ్రీ విజయపురమునందలి మన మిడిల్ పాయింటునకు దక్షిణముగా, సుమారు 270 కిలోమీటర్ల దూరమున నున్న కార్ నికోబారు ద్వీపవాసులకు ఆ భాగ్యము చేకూర్చిన మహనీయుడు బిషప్పు జాన్ రిచర్డ్‌సన్.

వీరు 1884వ సంవత్సరమున ఆ ద్వీపమునందలి ముస్ గ్రామములో జన్మించిరి. తల్లిదండ్రు లిడిన పేరు హా చేవ్ కా. ముస్ గ్రామమున పాఠశాల నడపుచుండిన వేదప్పన్ సాలమన్ అను ఉపదేశకుడు ఈ బాలుని బుద్ధికుశలతను గుర్తించెను. ఆయన ప్రోత్సాహమున రిచర్డ్‌సన్ బర్మాలోని మాండలే నగరమునకేగి విద్య నభ్యసించి, స్వగ్రామమునకు మరలివచ్చి ఉపాధ్యాయులైరి.

తెలుగున కొత్త నిబంధన 1818లో అచ్చుపడునాటికే మనకు లిపియు, నిఘంటువులును, శతాబ్దముల కావ్యసంపదయు కలవు. నికోబారు భాషకో, స్వంత లిపియే లేదు. రోమను అక్షరములలో దానిని వ్రాయవలసివచ్చెను. గోధుమ పొలములు, గొఱ్ఱెల మందలు, మంచు కొండలు ఎఱుగని జనులకు ఆ గ్రంథమును తెలియజెప్పుట సామాన్యము కాదు. తప్పిపోయిన కుమారుని కథలో పందులను మేపుట నీచస్థితికి గుర్తు. కార్ నికోబారులోనో, పందులే కుటుంబమునకు సంపద. ఇట్టి చిక్కుల నడుమ రిచర్డ్‌సన్ కొత్త నిబంధనను, ప్రార్థన గ్రంథమును తమవారి భాషలోనికి తెచ్చిరి. 1969 నాటికి ఆ భాషలో సంపూర్ణ బైబిలు వెలువడెను.

ఆంగ్లికను సంఘమున ఉదయ సాయంకాలములకు దినదినము చదువదగిన భాగములు నిర్ణయింపబడి యుండును. తనకు నచ్చిన భాగమునే కాక, తనను మందలించు భాగమును గూడ చదువరి ఎదుర్కొనవలసి వచ్చును. అనుదిన పఠనమునందలి మేలు ఇదియే. ఏదో యొకనాడు పెక్కు పుటలు చదివినవానికంటె, ప్రతిదినము కొలది వాక్యములు చదివి తన నడతను సరిచూచుకొనువానికి నిలుకడయు, ఓర్పును అలవడును.

ఆ ఓర్పునకు కఠిన పరీక్ష 1942 – 1945 నడుమ వచ్చెను. జపాను సేనలు దీవుల నాక్రమించిన ఆ కాలమున గూఢచారులను అనుమానముపై నికోబారీలు పలువురు చంపబడిరి. రిచర్డ్‌సనును అనుమానమునకు గురియై కష్టములపాలైరి. యుద్ధానంతరము వారు ప్రజల నడుమనే నిలిచి సేవ సాగించిరి. అంతకు మున్ను కొలదిమందియే యుండిన క్రైస్తవ సమాజము, ఆపై దాదాపు ద్వీపమంతటను వ్యాపించెను.

1950లో వారు బిషప్పుగా అభిషిక్తులైరి. 1952లో ఈ దీవుల పక్షమున తొలి లోక్‌సభకు నామినేటు చేయబడిరి. పద్మశ్రీ, పద్మభూషణ బిరుదములు వారిని వరించెను. 1978లో పరమపదించిరి.

2004 డిసెంబరు 26 నాటి సునామీ కార్ నికోబారు తీరగ్రామములను తుడిచిపెట్టెను. ఇండ్లు కూలును, పుస్తకములు కొట్టుకొనిపోవును. దినదినము మాతృభాషలో చదివి హృదయమున నిలుపుకొన్న వాక్యమును మాత్రము ఏ కెరటమును కొనిపోజాలదు. రిచర్డ్‌సన్ తమ జాతికి విడిచిపోయిన ఆస్తి అదియే.