డాక్టరు కేథరీన షెల్లెన్‌బర్గు

హైదరాబాదు నగరమునకు దక్షిణముగా, పాలమూరు పోవు దారిలో శంషాబాదు అను ఊరు కలదు. నేడు ఆ పేరు వినినంతనే ఎల్లరకును విమానాశ్రయము జ్ఞప్తికి వచ్చును. 2008వ సంవత్సరమునుండి దేశదేశముల విమానములు అచట దిగుచున్నవి. కాని నూరేండ్లకు పూర్వము ఆ యూరికి ఖండాంతరవాసులు వచ్చుట అపురూపము. అట్టి కాలమున ఓడలో సముద్రములు దాటివచ్చి, తెలుగు నేర్చి, తన జీవితములో అధికభాగమును రోగుల సేవకు ధారపోసి, ఈ గడ్డపైననే కన్నుమూసిన వైద్యురాలు ఒకతె కలదు. ఆమె పేరు డాక్టరు కేథరీన షెల్లెన్‌బర్గు.

కేథరీన 1870వ సంవత్సరము నవంబరు నెలలో దక్షిణరష్యాలోని మొలోచ్నా అను వలసప్రాంతమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు ఉక్రెయిను దేశముగా పిలువబడుచున్న భూభాగములోనిది. ఆమె తలిదండ్రులు మెనొనైటు శాఖకు చెందిన క్రైస్తవులు. పదునాఱవ శతాబ్దమున హాలెండు దేశములో మెన్నో సైమన్సు అను బోధకుని అనుసరించినవారికి ఆ పేరు వచ్చినది. ఆయుధము పట్టరాదనుట వారి ముఖ్యనియమములలో ఒకటి. రాజులకది సమ్మతము కాలేదు. తమ నమ్మకము కొఱకు వారిలో అనేకులు ప్రాణములు కోల్పోయిరి. మిగిలినవారు పోలెండు ప్రాంతమునకు, అచటినుండి కేథరీన్ మహారాణి ఆహ్వానముపై రష్యాకును తరలిరి. 1874లో రష్యా ప్రభుత్వము పురుషులెల్లరును సైన్యమున చేరవలెనని శాసింపగా, వారికి మఱల కష్టము వచ్చెను. ఆ దశాబ్దములో వారిలో దాదాపు 18 వేలమంది ఇల్లు వాకిళ్లు విడిచి ఉత్తర అమెరికాకు వలసపోయిరి.

షెల్లెన్‌బర్గు కుటుంబము 1879లో బయలుదేరి అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమును చేరెను. అప్పటికి కేథరీన తొమ్మిదేండ్లైనను నిండని బాలిక. తండ్రి అబ్రాహాము తమ సంఘమునకు పెద్ద. కొత్త దేశము, కొత్త భాష, దున్నని బీడునేలలు. వలసవచ్చినవారు రష్యాలో తాము పండించిన ఎఱ్ఱగోధుమ విత్తనములనే ఆ నేలలో చల్లి, కష్టించి నిలద్రొక్కుకొనిరి. ఇంతలో 1884లో కేథరీన తల్లి గతించెను. పదమూడేండ్ల పిల్లకు ఆటపాటల వయస్సు అంతటితో ముగిసినది. చిన్నవారి ఆలనపాలనలు, ఇంటిపనులు ఆమె భుజములపై పడెను. ఇతరుల బాధను గుర్తెఱిగి పనికి పూనుకొను గుణము ఆమెకు ఆ యింటనే అలవడినదని చెప్పవచ్చును.

పెద్దదైన పిదప ఆమె తన జీవితమును దైవసేవకు అర్పింప నిశ్చయించుకొనెను. కాని ఆ సంఘమున స్త్రీలను మతగురువులుగా నియమించు ఆచారము లేదు. అందువలన ఆమె సేవకు మఱియొక మార్గము వెదకెను. మొదట నర్సుగా శిక్షణ పొందెను. అది చాలదని తోచి, కాన్సాస్ సిటీ నగరమున హోమియోపతి వైద్యకళాశాలలో చేరి చదివెను. ఆ కాలపు హోమియో కళాశాలలలో మందులతోబాటు శస్త్రచికిత్సయు, ప్రసూతివైద్యమును గూడ నేర్పుచుండెడివారు. పల్లెటూరి రైతు కుటుంబమున పుట్టిన స్త్రీ వైద్యవిద్య చదువుట ఆ దినములలో సాధారణమైన సంగతి కాదు. ఆమె వైద్యురాలగునప్పటికి వయస్సు ముప్పదియైదు దాటినది. తోడివారు సంసారములలో స్థిరపడిన ఆ వయస్సున, ఆమె 1907లో భారతదేశమునకు ప్రయాణమయ్యెను.

ఆమె సంఘమువారు 1899లోనే నిజాం రాజ్యమునకు వచ్చి హైదరాబాదులో పని ప్రారంభించియుండిరి. పిమ్మట వారి పని పాలమూరు, నల్లగొండ జిల్లాలలోని నాగర్‌కర్నూలు, దేవరకొండ మున్నగు ఊళ్లకు ప్రాకెను. పాలమూరునకు ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరిట మహబూబ్‌నగరమని 1890లో పేరు మార్పబడెను. ఆ సీమ మెట్టసీమ. వానలు కురిసిన జొన్నలు, సజ్జలు, ఆముదములు పండును; లేనియేడు చెఱువులు ఎండి, ప్రజలు పనికై వలసపోవుదురు. వలస అనగానేమో ఎఱిగిన ఇంటి బిడ్డ వలసల సీమకు వైద్యురాలై వచ్చినది. ఇంటిలో జర్మను భాష, బడిలో ఇంగ్లీషు నేర్చిన కేథరీన ఇచట తెలుగు అక్షరములు దిద్దుకొనెను. రోగి చెప్పు బాధ వైద్యునకు తెలియవలెనన్న వారి మాట తెలియవలెను గదా!

ఆనాడు ఈ ప్రాంతపు పల్లెలలో వ్యాధులకు కొదవ లేదు. చలిజ్వరమునకు కారణమగు సూక్ష్మజీవి దోమ కడుపులో పెరుగునని రోనాల్డు రాసు అను వైద్యుడు 1897లో సికింద్రాబాదులోనే కనుగొనెను. అయినను ఆ జ్ఞానము పల్లెలకు ఇంకను చేరలేదు. జనులు మెట్లబావులలో దిగి నీరు ముంచుకొనెడివారు. అందువలన నారికురుపు వ్యాపించెడిది. నీటిలోని సూక్ష్మప్రాణులతోబాటు కడుపులోనికి పోయిన పురుగు దాదాపు ఏడాదికి కాలిమీద పుండు చేసి, దారమువలె వెలికి వచ్చును. దానిని చిన్న పుల్లకు చుట్టుచు, తెగకుండ దినదినము కొంచెముగా లాగవలెను. తెగిన యెడల కాలు వాచి రోగి మంచమెక్కును. నీటిని గుడ్డతో వడపోసి త్రాగిన చాలును, ఈ బాధ తప్పును. చెప్పువారు లేక జనులు తరతరములుగా బాధపడిరి. భారతదేశము ఆ వ్యాధినుండి పూర్తిగా విముక్తమైనట్లు 2000లో ప్రకటింపబడెను.

స్త్రీల అవస్థ మఱియు ఘోరము. ఘోషాలోని స్త్రీలు ప్రాణము మీదికి వచ్చినను పురుషవైద్యుని ముందునకు రారు. కాన్పు కష్టమైన యెడల మంత్రసానియే దిక్కు. మురికి కత్తితో బొడ్డు కోయుటచే ధనుర్వాతము వచ్చి శిశువులు చనిపోయెడివారు. ఆ యిండ్లలోనికి స్త్రీవైద్యురాలు పోగలదు. పురుషులైన మిషనరీలకు తెఱువని తలుపులు కేథరీనకు తెఱచుకొనెను.

ఆమె వచ్చిన మఱుసటి సంవత్సరమే, 1908 సెప్టెంబరులో, మూసీనదికి గొప్పవఱద వచ్చి హైదరాబాదులో వేలకొలది జనులు మృతినొందిరి. 1911లో ప్లేగు, 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము దేశమును పీడించెను. అవి పెనిసిలిను వంటి మందులు లేని దినములు. క్వినైను, అయొడిను, కాచిన నీరు, శుభ్రమైన గుడ్డ, రాత్రింబవళ్లు మేలుకొని చేయు పరిచర్య, ఇవియే వైద్యుని ఆయుధములు.

కేథరీన నాగర్‌కర్నూలులో వైద్యము చేసెను. హైదరాబాదునుండి ఆ యూరు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. అచట కఠినమైన సమస్య ఎదురైనపుడు, పోయి అడుగుటకు ఆమెకు దాపున మఱియొక వైద్యుడు లేడు. ఆమె మిషనులో నర్సులు కొందఱుండిరి గాని, వైద్యపట్టము గలది ఆమె యొక్కతెయే. చేయి వణకినను, మనస్సు జంకినను, నిర్ణయము తానే చేయవలెను. బ్రదికిన రోగి సంతోషమును, బ్రదుకని రోగి దుఃఖమును తానే మోయవలెను. అట్టి వేళల ఆమెకు దైవప్రార్థనయే ఊతగా ఉండెను. మిషను వైద్యశాలలలో ఉదయమున రోగులు కూడినప్పుడు బైబిలు చదివి, ప్రార్థన చేసి, పిమ్మట వైద్యము మొదలుపెట్టుట ఆచారము. విన్నవారిలో కొందఱు ఆ మతమును స్వీకరించిరి. పెక్కుమంది మందు తీసుకొని, నమస్కరించి, తమ దారిన తాము పోయిరి. మతము పుచ్చుకొన్నవారికే మందు అను నియమము అచట లేదు.

ఆనాటి పల్లెలలో మాలమాదిగలు ఊరి బావి దాపునకు రారాదు. పెద్దకులముల వాకిట నిలువరాదు. వైద్యశాల వరండాపై మాత్రము ఎల్లరును కూర్చుండవలెను. జ్వరమునకు కులము లేదు. ఈ సంగతి ఉపన్యాసములవలన గాక, ఒకే చేయి అందఱి నాడిని పట్టుటవలన ప్రజలకు తెలియవచ్చెను.

ఇంతలో ప్రపంచమున పెద్ద మార్పులు జరిగెను. మొదటి మహాయుద్ధము, దాని వెనువెంట రష్యా విప్లవము వచ్చెను. అంతర్యుద్ధములో మొలోచ్నా గ్రామములు దోపిడికి గురియయ్యెను. 1921, 1922 సంవత్సరములలో అచట భయంకరమైన కఱవు వచ్చెను. అమెరికాలోని మెనొనైటులు 1920లోనే ఒక సహాయసంఘమును స్థాపించి అన్నవస్త్రములు పంపిరి. కేథరీన పుట్టిన నేల ఆకలితో అలమటించుచుండెను. ఆమె యున్న పాలమూరు సీమకును కఱవు కొత్త గాదు. మనుష్యుడు ఏకకాలమున రెండుచోట్ల నుండలేడు. దూరపు దుఃఖమునకు కన్నీరు విడుచుచు దగ్గఱి రోగిని మఱచుట ఆమె మార్గము కాదు. తనకు అప్పగింపబడిన చోటనే ఆమె నిలిచెను.

1928లో శంషాబాదున ఆసుపత్రి ఏర్పడెను. అప్పటికి ఆమె వయస్సు యేబదియేడు. ఆమె శేషజీవితమంతయు ఆ యాసుపత్రికే అంకితమయ్యెను. చుట్టుపట్ల గ్రామములనుండి రోగులు బండ్లమీదను, కాలినడకను వచ్చుచుండిరి. మఱుసటి సంవత్సరమే అమెరికాలో ఆర్థికమాంద్యము మొదలయ్యెను. గోధుమ ధర పడిపోయెను. తరువాత కాన్సాసు పొలములను ధూళితుఫానులు కప్పివేసెను. ఈ మిషనునకు ధనమును పంపువారిలో అధికులు ఆ రైతులే. దాతల గాదెలు ఖాళీ యగుటచే ఇచటి పనులకును ధనము తగ్గెను. కాని ధనము తగ్గినదని రోగములు తగ్గవు గదా!

వయస్సు డెబ్బదికి చేరిన నాటికి రెండవ మహాయుద్ధము సాగుచుండెను. సముద్రమార్గములు అపాయకరములయ్యెను. ఆమె స్థానమును గ్రహింప మఱియొక వైద్యుడు రాలేదు. ఆమెయు పని విడువలేదు. 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన శంషాబాదులోనే డాక్టరు కేథరీన షెల్లెన్‌బర్గు పరమపదించెను. అదే దినమున డోర్నకల్లులో, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషపగు వేదనాయగం శామ్యూల్ అజరయ్యయు తనువు చాలించెను. ఒకరు దక్షిణాదిలో పుట్టిన భారతీయుడు, మఱియొకరు రష్యాలో పుట్టి అమెరికాలో పెరిగిన స్త్రీ. ఇరువురును తెలుగు నేలను తమ కర్మభూమిగా చేసికొన్నవారే.

ఒక్కరి భుజములపై నిలిచిన పని ఆ భుజములు వాలినప్పుడు ఏమగును? కొన్ని సంవత్సరములు ఆ మిషనునకు వైద్యుని కొఱత తప్పలేదు. పిమ్మట 1952లో పాలమూరు జిల్లా జడ్చర్లలో వారి పెద్ద ఆసుపత్రి స్థాపింపబడెను. కాలక్రమమున ఈ దేశపు వైద్యులును, నర్సులును దాని భారమును వహించిరి. ఒంటరిగా కేథరీన మోసిన బరువును అనేకులు పంచుకొనిరి.

కేథరీన రాజ్యముల నేలలేదు, సభలలో ఉపన్యసించి పేరు గడింపలేదు. తన యింట తల్లిలేని పిల్లలను సాకిన చేతులతోనే, తన భాష యెఱుగని తల్లులకు పురుడు పోసెను. వచ్చిన అతిథి యెవరైనను కొంతకాలమునకు వెడలిపోవును. ఇంటివాడు మాత్రమే కష్టకాలమున ఇల్లు విడువడు. కఱవులు, వ్యాధులు, యుద్ధములు వచ్చినను ఈ సీమను విడువని కేథరీనను అతిథి యనుటకంటె, ఇంటి ఆడపడుచు అనుటయే సమంజసము.