నూలుచుట్టు యంత్రమును గీసిన చిత్రకారుడు

లియొనార్డో డా వించి పేరు వినగానే మనకు మోనా లీసా చిత్రము జ్ఞప్తికి వచ్చును. ఆ మహనీయుడు నూలు వడకువారి శ్రమను తగ్గించు నుపాయమును సయితము ఆలోచించెనని కొలదిమందియే యెరుగుదురు. ఆ వృత్తాంతమునే మేమిచట వివరింప దలచితిమి.

ఆయన 1452 ఏప్రిలు 15వ తేదీన ఇటలీలోని వించి ప్రాంతమున జన్మించెను. తండ్రి దస్తావేజులు వ్రాయు నోటరీ. బాల్యమున లియొనార్డోకు లాటిను విద్య సరిగా లభింపలేదు. ఫ్లారెన్సు నగరమున వెరోక్కియో అను శిల్పికి శిష్యుడై, కన్నులతో చూచియు చేతులతో చేసియు నేర్చుకొనెను. పిదప మిలాను కొలువున చేరి, చిత్రములు వ్రాయుచునే పండ్లచక్రములను, మీటలను పరిశీలింపసాగెను.

ఆనాటి కొన్ని రాట్నములకు ఫ్లయరు అను రెండు రెక్కల పరికరముండెను. అది నూలునకు పురి యెక్కించుచునే కండెపై చుట్టును. రెక్కపై కొక్కెములు వరుసగా నుండును. ఒకచోట నూలు గుట్టపడగానే, వడకునామె చక్రము నాపి దారమును ప్రక్క కొక్కెమునకు మార్చవలెను. మార్చనిచో గుట్ట జారి, విప్పునపుడు చిక్కుపడి నూలు తెగును.

లియొనార్డో గీసిన యంత్రములో చేతిపిడిని త్రిప్పిన చాలును. ఫ్లయరు తిరుగుచునే తనంతట ముందుకును వెనుకకును జరుగును. ఈ జరుగుటకు కొలత ముఖ్యము. నూలు అర మిల్లీమీటరు మందము, కండె పది సెంటీమీటర్ల పొడవు అనుకొందము. ఒక వరుస నిండుటకు 200 చుట్లు కావలెను. త్వరగా జరిగినచో సందులు పడును. ఆలసించినచో గుట్టలు పడును. చివరను చేరినంతనే మరలవలెను. నిలిచినచో అచ్చట గట్టు కట్టును.

ఇంత చక్కని యుపాయము సాలెవారి యిండ్లకు చేరలేదు. లియొనార్డో దానిని ముద్రింపలేదు. ఆయన వ్రాతయు అద్దములో చూచి చదువదగిన, కుడి నుండి ఎడమకు సాగు వ్రాత. 1519 మే 2వ తేదీన ఫ్రాన్సులోని అంబ్వాజులో ఆయన మరణింపగా, కాగితములు శిష్యుడైన మెల్జీకి చెందెను. మెల్జీ యనంతరము చెదరిపోయెను. ఆ చిత్రమిప్పుడు మిలానులోని అంబ్రోసియానా గ్రంథాలయమున నున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు మిల్లులలో హృదయాకారపు చక్రముచే నూలును సమముగా చుట్టు విధము నెలకొనెను. అంతవరకు ఎందరో చక్రము నాపుచు, కొక్కెము మార్చుచునే యుండిరి.

విద్యార్థులారా! మీ పుస్తకములలో మీరు కనుగొనిన మంచి యుపాయమేదైన నున్నచో, దానిని ప్రక్కవానికి చూపుడు. పెట్టెలో దాచిన దీపము ఇంటికి వెలుగు నీయదు.