ధర్మనిధి మాట... మామగారి మూట
ఓడ ఖర్చుల కోసం తిరిగిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

జహీరాబాద్: సర్కారు దవాఖానాలో గర్భిణులకు ఇచ్చే ఎర్ర గోలీ మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి దగ్గరుండి మింగించే గోలీలలో డీఈసీ అనేది ఒకటి. ఈ రెండు మందులూ లోకానికి అందడం వెనుక ఒకే తెలుగువాని కృషి ఉన్నది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. గోలీ మింగేవారిలో నూటికి ఒక్కరికైనా ఆ పేరు తెలుసో లేదో అనుమానమే.

ఆయన అమెరికా వెళ్లి అంతటి పని చేయగలిగారంటే మొదట ఓడ ఖర్చులు పుట్టాలి కదా. ఆ డబ్బు ఎలా పుట్టిందన్నది ఆయన కథలో అంతగా చెప్పుకోని భాగం. పై చదువుకు సీటు వచ్చి, పైసలు లేక ఆగిపోయిన పిల్లలు ఉన్న ఊళ్లలో తెలుసుకోవలసిన భాగం కూడా అదే.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. సుబ్బారావుకు చిన్నప్పుడు చదువు మీద మనసు నిలిచేది కాదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుంటే బోలెడు డబ్బు వస్తుందని పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి పారిపోయారు. తల్లి వెనక్కు రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. పరీక్ష తప్పిన పిల్లవాడిని పనిలో పెట్టేద్దామనుకునే తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తుంచుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయన మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మఠంలో చేరతానంటే తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవకు పనికి వస్తుందని మఠం వారు చెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు కొంత సాయపడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి కూడా ఆదుకున్నారు. ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు 1919లో పెళ్లాడారు.

ఖద్దరు కోటు తెచ్చిన తంటా

అవి గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు కోటు తొడుక్కుని పోయారు. శస్త్రచికిత్స బోధించే ఇంగ్లీషు ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకు అది గిట్టలేదు. మిగతా పరీక్షల్లో బాగా రాసినా ఎంబీబీఎస్ డిగ్రీ చేతికి రాలేదు. అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే లెక్చరరుగా కుదురుకున్నారు.

అంతలో ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బు అన్న పురుషోత్తంను, తమ్ముడు కృష్ణమూర్తిని కొద్ది రోజుల తేడాలోనే బలి తీసుకుంది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం విరిగిపోయి మనిషి పాలిపోతాడు. ఆయుర్వేదం వారు దీనిని గ్రహణి కింద చెబుతారు. అప్పటికి ఇంగ్లీషు వైద్యంలో దానికి మందు లేదు. అదే జబ్బు సుబ్బారావుకూ పట్టుకుంది. లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద వైద్యంతో ఆయన బయటపడ్డారు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు కనిపెట్టాలనే పంతం అప్పటి నుంచే ఆయనలో పట్టుకుందంటారు.

మద్రాసు వచ్చిన ఒక అమెరికా డాక్టరు మాటలతో ఆయనకు హుషారు వచ్చింది. బోస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల వ్యాధులకు ప్రత్యేకంగా ఒక విద్యాలయం ఉంది. దానికి రాశారు, సీటు వచ్చింది. ఉపకార వేతనం మాత్రం రాలేదు.

రంగూన్ సొమ్ము, కాకినాడ ధర్మం

సీటు ఉండి డబ్బు లేనివారు ఆ రోజుల్లో గోదావరి జిల్లాలలో తలుపు తట్టే చోటు ఒకటుండేది. అదే కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. సత్యలింగ నాయకర్ జమీందారు కాడు, చదువుకున్నవాడూ కాడు. కోరంగి తీరం నుంచి ఓడెక్కి బర్మా పోయి, రంగూన్ రేవులో కూలిపనితో మొదలుపెట్టి, ఓడల్లో సరుకు ఎత్తి దించే కాంట్రాక్టులు పట్టి లక్షలు గడించాడు. ఆ ఆస్తిని పేదల చదువులకూ అన్నదానానికీ ధర్మకార్యాలకూ రాసిచ్చి కన్నుమూశాడు. సుబ్బారావు అవసరం పడేనాటికి ఆయన లేడు, ఆయన వీలునామా ఉంది.

ఇటువంటి ధర్మనిధుల పద్ధతి తెలుసుకోదగింది. అసలు సొమ్ము ముట్టుకోరు. దాని మీద వచ్చే వడ్డీ, అద్దెలు, శిస్తులు మాత్రమే ఖర్చు పెడతారు. అది ఏటా ఇంతేనని ఉంటుంది. అడిగేవారు మాత్రం ఏటా పెరుగుతూ ఉంటారు. ధర్మకర్తలు కూర్చుని దరఖాస్తులు చూసి తీర్మానం చేయాలి. సీటు వచ్చినట్టు కాగితం ఉన్నదా, మార్కులు ఎలా ఉన్నాయి, మిగతా ఖర్చు ఎవరు భరిస్తారు అని ఎక్కడైనా అడుగుతారు. మొత్తం ఖర్చు మీరే పెట్టండి అన్నవారికంటే, ఇంత నేను కూర్చుకున్నాను, ఇంత తక్కువ పడింది అని చెప్పగలిగినవారి కాగితం తొందరగా కదులుతుంది. ఇది ఆనాటికీ ఈనాటికీ ఒకటే.

సుబ్బారావు విషయంలో రెండు చేతులు కలిశాయి. సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగిలిన డబ్బు మామగారు సూర్యనారాయణమూర్తి సమకూర్చి పెట్టారు. ధర్మసంస్థ మాట ఉంది కనుక మామగారికి ధైర్యం వచ్చి ఉండాలి. మామగారి అండ ఉంది కనుక ధర్మసంస్థకూ నమ్మకం కుదిరి ఉండాలి. డబ్బు వ్యవహారం అలాగే నడుస్తుంది. ఒక్కరు ముందుకు వస్తే రెండోవారు వస్తారు.

మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి ఆయన బయలుదేరారు. 1923 అక్టోబరు 26న బోస్టన్ రేవులో దిగారు.

దిగిన తరువాత తెలిసింది అసలు సంగతి. తెచ్చుకున్న డాలర్లు ఎన్నో రోజులు వచ్చేవి కావు. విద్యాలయం అధిపతి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ మంచివాడు కనుక మొదట్లో ఆదుకున్నాడు. మన ఎల్ఎంఎస్ పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా చేరి, రోగుల మలమూత్రాల పళ్లేలు ఎత్తి కడిగి, పగలు పాఠాలు విన్నారు. మద్రాసులో లెక్చరరు, బోస్టన్‌లో ఆసుపత్రి పనివాడు. ధర్మసొమ్ము ఓడ ఎక్కించగలదు గానీ ప్రతిరోజూ అన్నం పెట్టలేదు. ఈ లెక్క ముందుగా వేసుకోక పరాయి దేశాలలో ఇబ్బంది పడుతున్న పిల్లలు ఈనాటికీ ఉన్నారు.

ఇంటి దగ్గర ఇంకొక దెబ్బ తగిలింది. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన మగబిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు.

ఒంట్లోని సత్తువకు లెక్క

ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమా చేతికి వచ్చినా సుబ్బారావు తిరిగి రాలేదు. హార్వర్డులోనే జీవరసాయన విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆయనతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతా చెల్లుబాటైంది. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాలలో దాగిన ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, ఏటీపీ అనే పదార్థం 1929లో బయటపడ్డాయి. ఏటీపీని అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా కనుగొన్నాడు. నాగలి లాగే ఎద్దుకైనా, గంప ఎత్తే మనిషికైనా కండరం కదలాలంటే ఖర్చయ్యే సత్తువ ఏటీపీ రూపంలోనే ఉంటుంది. కాలేజీలో బైపీసీ చదివే పిల్లలందరూ ఏటీపీ గురించి బట్టీ పడతారు. పుస్తకాలలో సుబ్బారావు పేరు వెదికితేనే కనిపిస్తుంది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డు మాత్రం ఆయనకు స్థిరమైన ప్రొఫెసరు పదవి ఇవ్వలేదు. ఇంకో పదేళ్లు అలాగే గడిచాయి. విసిగి 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి, కొద్ది కాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

అన్నదమ్ముల బాకీ తీరింది అక్కడే. పందొమ్మిది వందల ముప్పైల మొదట్లోనే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, ఈస్టు నుంచి తీసిన తిండితో అది తగ్గుతుందని చూపింది. ఈస్టులో పనిచేస్తున్నది ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థాన్ని వేరు చేసి, ఆకుకు లాటిన్ మాట మీద ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు పిండితే రవ్వంత వచ్చేది. సుబ్బారావు నడిపిన బృందం దాని నిర్మాణాన్ని తేల్చి, 1945లో రసాయనాలతో తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పట్టింది, నోటిపూత తగ్గింది. ఇరవై ఏళ్ల కిందట ఉండి ఉంటే ఆ ఇంట్లో ఇద్దరు బతికేవారు.

మన జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు చేలగట్ల మీద ఏరుకొచ్చే తుమ్మికూర, జొన్నచెంచలి, దొగ్గలికూర వంటి ఆకుకూరలను పనికిరాని గడ్డిగా చూసేవారున్నారు. ఆకుపచ్చని కూరలలో ఉండే ఫోలేటు ఈ మందుకు తోబుట్టువే. ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది.

అదే మందు మీద జరిగిన పనిలోనే ఇంకొక వింత ఉంది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డు తగిలే పదార్థాలను కూడా సుబ్బారావు బృందం తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఆ జబ్బుకు ఏ మందూ పనిచేసింది లేదు. దాని తోడుదైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సరుకే కాక కీళ్లవాతానికి కూడా డాక్టర్లు ఇస్తున్నారు.

బోదకాలుకు వాడే హెట్రజాన్ 1947లో ఆయన పరిశోధనశాల నుంచే వచ్చింది. డీఈసీ అంటే అదే. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టినవాడు బెంజమిన్ డగ్గర్ అనే పెద్ద వయసు శాస్త్రవేత్త. ఆయనకు ఆ వయసులో పని చూపించి వెన్ను తట్టింది సుబ్బారావు. పేరు మాత్రం పక్కవారికి వదిలేయడం ఆయనకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. ఆ అలవాటు వల్లనే తనకు అన్యాయం జరిగిందని అనుకోక తప్పదు.

1948 ఆగస్టు 9న ఆయన తన గదిలో నిద్రలోనే చనిపోయి కనిపించారు. గుండెపోటు. వయసు 53. అమెరికా పౌరసత్వం లేకుండానే పాతికేళ్లు అక్కడ బతికారు. మూడేళ్లన్న మాట నిలుపుకోలేక పోయారు, ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. మందుల కోసం ఇంత చేసినవాడు భార్య విషయంలో చేసింది న్యాయమేనా అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పడం కష్టం. శేషగిరమ్మ ఎదురుచూపులోనే ఉండిపోయింది. అల్లుడి ఓడ ఖర్చుకు మూట విప్పిన తండ్రి ఇల్లే ఆ లోటునూ భరించింది.

సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ పేరు కాకినాడలో ఈనాటికీ నిలిచి ఉంది. అక్కడి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఎంఎస్ఎన్ క్యాంపస్ అంటారు. ఇటువంటి నిధులు ఇంకా ఉన్నాయి. జంషెడ్జీ టాటా 1892లో పెట్టిన నిధి విదేశీ చదువులకు తిరిగి కట్టే షరతు మీద డబ్బు ఇస్తుంది. రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ లండన్ చదువుకు వెళ్లింది టాటా సొమ్ముతోనే. హైదరాబాద్‌లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెట్టిన ధర్మనిధి ఉంది.

సుబ్బారావు శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. అంతకుముందే లెడర్లీ కంపెనీ శాస్త్రవేత్త ఒకరు తాను గుర్తించిన ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు.