విద్యాతపస్వి కట్టమంచి రామలింగారెడ్డి

గొప్ప పదవి లభించుట భాగ్యమని లోకము తలచును. లభించిన పదవిని ధర్మము కొరకు విడిచిపెట్టుటయు భాగ్యమే యని తలచువారు అరుదు. అట్టి అరుదైనవారిలో డాక్టరు కట్టమంచి రామలింగారెడ్డి గారొకరు. వీరు చరిత్రయందును, రాజనీతియందును, అర్థశాస్త్రమునందును పండితులు. తెలుగున కవులు, విమర్శకులు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపకులపతులు.

రామలింగారెడ్డి గారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు సమీపమునందలి కట్టమంచి గ్రామమున జన్మించిరి. వీరి తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి గారు. చిత్తూరులో ఉన్నత పాఠశాల చదువు ముగించి, వీరు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. అచట చదువుచున్న కాలముననే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించిరి. అనంతపురము సమీపమున బుక్కరాయసముద్రము చెరువు తెగిపోవుచుండగా, ఊరిని కాపాడుటకై తన ప్రాణము నర్పించిన యొక ఇల్లాలి కథ యిది. రాజుల కథలకును, శృంగార వర్ణనలకును అలవాటుపడిన ఆనాటి కావ్యలోకమున ఒక రైతుకుటుంబపు కోడలిని నాయికగా నిలుపుట క్రొత్త త్రోవ. పదిమంది మేలుకొరకు తన సర్వస్వమును విడుచుట యను భావము ఆ యువకుని మనస్సున అప్పుడే నాటుకొనెను.

రామలింగారెడ్డి గారి ప్రతిభకు మెచ్చి ప్రభుత్వము విద్యార్థివేతన మొసగగా, వారు 1902లో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరిరి. చరిత్రను ప్రధాన విషయముగా నభ్యసించి ప్రథమ శ్రేణిలో కృతార్థులైరి. ఆ విశ్వవిద్యాలయ విద్యార్థుల చర్చాసభ ప్రపంచ ప్రసిద్ధమైనది. రాజ్యతంత్రమును నడపబోవు యువకులు వాదప్రతివాదములు నేర్చుకొను చోటది. పరాధీన దేశమునుండి వచ్చిన ఈ తెలుగు యువకుడు తన వాక్చాతుర్యముచే ఆ సభకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. పాలితుల బిడ్డ పాలకుల బిడ్డల నడుమ తలయెత్తి నిలువగలుగుట ఆ దినములలో సామాన్య విషయము కాదు.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిదప రెడ్డిగారు కొంతకాలము బరోడా కళాశాలలో పనిచేసిరి. అనంతరము మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా చేరి, క్రమముగా ప్రధానాచార్యులైరి. మైసూరు విశ్వవిద్యాలయము 1916లో స్థాపితమగుటకు జరిగిన కృషిలో వీరును పాలుగొనిరి. తరువాత ఆ సంస్థానపు విద్యాశాఖకు ఉన్నతాధికారియై, అంటరానివారని దూరముగా నుంచబడిన బిడ్డలకు పాఠశాలల తలుపులు తెరచుటకు పూనుకొనిరి. చదువు కొందరి సొత్తుగా నుండరాదనునది వారి నిశ్చయము.

ఆంగ్లమున ఇంతటి పాండిత్యము గడించియు వారు మాతృభాషను మరువలేదు. తెలుగు పాఠకుల కొరకు అర్థశాస్త్రమును తెలుగున వ్రాసిరి. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ను ప్రకటించి, పింగళి సూరన కవి ప్రతిభను చాటిరి. ప్రబంధ కవులను వారు నిర్మొహమాటముగా విమర్శింపగా పండితులలో పెద్ద కలకలము రేగెను. కాని తమకు సత్యమని తోచినదానిని చెప్పుటకు వారు వెనుదీయలేదు.

1921లో మైసూరు కొలువు విడిచి, వారు రాజకీయములందు ప్రవేశించి మద్రాసు శాసనసభలో సభ్యులైరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడగా దానికి తొలి ఉపకులపతులైరి. అది మొదట విజయవాడలో నుండెను. సొంత భవనములు లేవు, ధనము చాలదు, విశ్వవిద్యాలయము ఎచట నుండవలెనను వివాదము ముదిరియుండెను. కన్నబిడ్డను సాకినట్లు రెడ్డిగారు దానిని సాకిరి. తుదకు 1930లో అది వాల్తేరునకు తరలెను.

శ్రమ ఫలించు ఆ తరుణముననే వారికి గొప్ప పరీక్ష యెదురయ్యెను. 1930లో గాంధీమహాత్ముడు ఉప్పు సత్యాగ్రహము నారంభించెను. ప్రభుత్వము సత్యాగ్రహులను లాఠీలతో కొట్టించి, వేలకొలది జనులను చెరసాలల కంపెను. మౌనము వహించినచో పదవియు, తాము పెంచిన విద్యాలయమును తమ చేతిలో నుండును. నోరు విప్పినచో రెంటిని వదులుకొనవలెను. రెడ్డిగారు ప్రభుత్వ దమననీతిని నిరసించుచు తమ పదవికి రాజీనామా యిచ్చిరి. రాజనీతిని పుస్తకములలో చదివి బోధించినవారు దానిని తమ నడవడియందు చూపించిరి.

వారి తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పీఠము నలంకరించి విశ్వవిద్యాలయమును వృద్ధిచేసిరి. 1936లో రెడ్డిగారే మరల ఉపకులపతులై 1949 వరకు, అనగా పదుమూడు సంవత్సరములు, దానిని నడపిరి. 1942లో జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేయగా విశ్వవిద్యాలయమును కొంతకాలము గుంటూరునకు తరలింపవలసి వచ్చెను. ఆ సంకటమునందును వారు విద్యాలయమును చెదరనీయక కాపాడిరి. పిదప మైసూరు విశ్వవిద్యాలయము వారిని గౌరవ పదవికి ఆహ్వానించెను. వారు వివాహము చేసికొనలేదు. విద్యాలయమే వారికి సంసారము. 1951వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన వారు దివంగతులైరి.

బాలలారా! రామలింగారెడ్డి గారు పుట్టినది మహానగరమున కాదు. కట్టమంచియు మన రఘునాథపల్లి వంటి గ్రామమే. పల్లెనుండి బయలుదేరిన బాలుడు విద్యాబలముచే కేంబ్రిడ్జి సభలో తలయెత్తెను. ధర్మబలముచే తాను పెంచిన పదవిని తృణమువలె విడిచెను. విద్య మనుష్యునకు ఉన్నత స్థానము నొసగును. ఆ స్థానమున నుండి న్యాయమును మరువకుండుటయే విద్యకు ఫలము. ఈ సత్యమును మనకు చూపినది వారి జీవితము.