పాట పెంచిన చిన్నారి - టంగుటూరి సూర్యకుమారి

మన సంఘ సమావేశాలలో ఎన్నోసార్లు లేచి నిలబడి 'మా తెలుగు తల్లికి' గీతం విన్నాం. రాసిన శంకరంబాడి సుందరాచారి గారు తిరుపతివారని మన ప్రాంతం వారందరికీ తెలుసు. దానిని మొదట తెలుగువారి ఇళ్ళకు చేర్చిన గొంతు ఎవరిదో నేటి పిల్లలకు తెలియదు. ఆ గొంతు టంగుటూరి సూర్యకుమారి గారిది.

ఆమె 1925 నవంబరు 13న రాజమండ్రిలో జన్మించారు. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారి సోదరుని కుమార్తె. మంచి కుటుంబాల ఆడపిల్లలు సినిమాలలో వేషం కట్టడాన్ని లోకం హర్షించని రోజులవి. తెలుగు టాకీ పుట్టి అప్పటికి అయిదేళ్ళే. తెరపై కనిపించేవారే తమ పాట తాము పాడుకోవాలి. అందుచేత శ్రుతి తప్పక పాడే పిల్లలకు గిరాకీ ఉండేది.

1937లో 'విప్రనారాయణ' చిత్రం తీసినప్పుడు ఆమెకు పన్నెండేళ్ళ లోపే. కథలో లేని చిన్న పాత్రను ఆ పిల్ల కోసమే కల్పించారు. ఆ పాత్ర తెచ్చిపెట్టింది ఆమె గాత్రమే.

1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి 'రైతుబిడ్డ'లో నటించారు. జమీందారుల ఆగ్రహాన్ని ఎదుర్కొన్న చిత్రమది. 1941లో బి.ఎన్. రెడ్డి గారి 'దేవత'లో చిత్తూరు నాగయ్య గారికి చెల్లెలుగా వేశారు. బాలతారలు చాలామంది ఎదిగే వయసులో మరుగున పడిపోతారు. ఆమె మాత్రం పదిహేనేళ్ళకే అందరికీ తెలిసిన గాయని, నటి అయ్యారు.

సుందరాచారి గారు 'దీనబంధు' (1942) చిత్రం కోసం రాసిన తెలుగుతల్లి పాటను అందులో వాడుకోలేదు. గ్రామఫోను రికార్డుగా సూర్యకుమారి గారు పాడాకనే అది ఊరూరా వినిపించింది. తరువాత రాష్ట్ర గీతమైంది.

అనంతరం 1961లో న్యూయార్కులో రవీంద్రుని నాటకంలో రాణి పాత్రకు బహుమతి అందుకున్నారు. 1965 నుండి లండనులో స్థిరపడి, మన కళలు నేర్పుతూ, 2005 ఏప్రిల్ 25న అక్కడే కన్నుమూశారు.

సినిమా వద్దన్న పాటనే ఆమె చిరస్థాయి చేశారు. ఈసారి ఆ గీతం వినిపించినప్పుడు మన మనవలు, మనవరాళ్ళకు ఆమె పేరు కూడా చెబుదాం.