సత్యజిత్ రే విడిచివెళ్లిన కాగితాలు

సత్యజిత్ రే పేరు విననివారు మనలో అరుదు. 'పథేర్ పాంచాలి' తీసిన దర్శకుడిగానే ఆయన ఎక్కువమందికి తెలుసు. కాని ఆయన చిత్రకారుడు, కథా రచయిత, సంగీత దర్శకుడు, పిల్లల పత్రిక సంపాదకుడు కూడా. ఇన్ని పనులు చేసిన మనిషి ఇంట్లో ఎన్ని కాగితాలు పోగుపడి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఆయన జీవితంతో పాటు ఆ కాగితాల సంగతి కూడా తెలుసుకోదగినదే.

రే 1921 మే 2న కలకత్తాలో జన్మించారు. తాతగారు ఉపేంద్రకిశోర్ సొంతంగా ముద్రణాలయం స్థాపించి, 1913లో 'సందేశ్' అనే పిల్లల పత్రిక ప్రారంభించారు. తండ్రి సుకుమార్ రే హాస్య కవిగా బెంగాలీలందరికీ ఆప్తుడు. 1923లో తండ్రి మరణించేనాటికి రేకు రెండున్నరేళ్లయినా నిండలేదు. కొన్నేళ్లకే ముద్రణాలయం చేజారిపోయింది. తల్లి సుప్రభాదేవి కుమారుణ్ణి వెంటబెట్టుకుని పుట్టింటివారి పంచన చేరారు. తండ్రిని సరిగా చూసి ఎరుగని ఆ బాలుడికి, ఆయన రాసిన పుస్తకాలూ గీసిన బొమ్మలే తండ్రి పరిచయం.

ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రం, శాంతినికేతన్‌లో చిత్రకళ చదివి, 1943లో డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో నెలకు 80 రూపాయల జీతంపై చేరారు. ఆ రోజుల్లోనే సిగ్నెట్ ప్రెస్ వారి పుస్తకాలకు అట్టలు వేసేవారు. బిభూతిభూషణ్ నవల 'పథేర్ పాంచాలి' పిల్లల ప్రతికి బొమ్మలు గీస్తుండగా దానిని సినిమాగా తీయాలన్న కోరిక కలిగింది. 1950లో కంపెనీ పనిమీద లండన్ వెళ్లినప్పుడు చూసిన 'బైసికిల్ థీవ్స్' ఆ కోరికను నిశ్చయంగా మార్చింది.

1952లో చిత్రీకరణ మొదలైంది. ఉద్యోగం మానలేదు, సెలవు రోజుల్లో షూటింగు. ఇన్సూరెన్స్ పాలసీ మీద అప్పు తెచ్చారు. భార్య బిజయగారి నగలు తాకట్టుకు వెళ్లాయి. డబ్బు లేక పని నెలల తరబడి ఆగిపోయింది. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకోగా 1955 ఆగస్టులో చిత్రం కలకత్తాలో విడుదలైంది. నెల జీతం మీద సంసారం నడిపినవారికి ఆ సాహసం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ చిత్రానికి పద్ధతిగా రాసిన స్క్రిప్టు లేదు. ఏ దృశ్యం ఎలా కనబడాలో నల్లసిరాతో బొమ్మలు గీసుకున్నారు. తరువాతి చిత్రాలకు మాత్రం మన షావుకార్ల చిట్టా పుస్తకాల వంటి ఎర్రగుడ్డ అట్టల పుస్తకాలు వాడారు. బెంగాలీలో వాటిని ఖేరోర్ ఖాతా అంటారు. సంభాషణలు, దుస్తుల నమూనాలు, సెట్ల కొలతలు, పోస్టరు బొమ్మలు, సంగీతపు స్వరాలు అన్నీ వాటిలోనే. 1961 నుంచి తన చిత్రాలకు తానే సంగీతం సమకూర్చుకున్నారు. ఆ ఏడే 'సందేశ్' పత్రికను పునరుద్ధరించి, దానికోసం ప్రొఫెసర్ శంకు, డిటెక్టివ్ ఫెలూదా కథలు రాశారు. ఇంగ్లీషు అక్షరాలకు 'రే రోమన్' అనే కొత్త రూపం కూడా కల్పించారు.

1992లో ఆస్కార్ గౌరవ పురస్కారాన్ని ఆసుపత్రి మంచం మీదనే అందుకున్నారు. భారతరత్న కూడా ఆ ఏడే లభించింది. ఏప్రిల్ 23న కన్నుమూశారు.

మరుసటి ఏడాదే ఒక దెబ్బ తగిలింది. బాగుచేయించడానికి లండన్ పంపిన చిత్రాల నెగెటివ్‌లు అక్కడి లేబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. వాటిలో 'పథేర్ పాంచాలి' కూడా ఉంది. అయినా ఆ కాలిన రీళ్లను పారవేయకుండా దాచి ఉంచారు. ఇరవై ఏళ్ల తరువాత ఇటలీలోని బొలోన్యా నగర నిపుణులు వాటిలో పనికివచ్చే భాగాలను ఓపికగా ఉద్ధరించారు. మిగతా భాగాలను ఇతర ప్రతుల నుంచి పూరించారు. 2015లో ఆ చిత్రం కొత్త రూపంలో మళ్లీ తెరకెక్కింది.

కాగితాల విషయంలో కుటుంబం, మిత్రులు కలిసి 1994లో ఒక సంరక్షణ సంఘాన్ని ఏర్పాటు చేశారు. 'పథేర్ పాంచాలి' బొమ్మలు 2016లో పుస్తకంగా వెలువడ్డాయి. 2020 లాక్‌డౌన్‌లో కుమారుడు సందీప్ రే ఇల్లు సర్దుతుండగా పాత నెగెటివ్‌లు, ఉత్తరాలు మరికొన్ని బయటపడ్డాయి. కన్నుమూసిన ఇరవై ఎనిమిదేళ్లకు కూడా ఆ ఇంటి అటక ఖాళీ కాలేదన్నమాట.

మనం సత్యజిత్ రేలం కాకపోవచ్చు. కాని మన ట్రంకు పెట్టెల్లో కూడా పాత ఉత్తరాలు, డైరీలు, ఫోటోలు ఉన్నాయి. ఫోటోల వెనుక పేర్లు, సంవత్సరాలు మనం ఉండగానే రాసి ఉంచుదాం. పిల్లలు కూడా వాటిని చిత్తుకాగితాల కింద తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడాలి. తాతను ఎరుగని మనవడికి అవే తాత పరిచయం కావచ్చు.